ఆదివారపు బడిలో భాషాబోధన: కంఠస్థ వాక్యం నుంచి తాత్పర్యం వరకు

వ్యాససంగ్రహం

క్రైస్తవ సంఘాలు నిర్వహించే ఆదివారపు బడి (సండే స్కూల్) పిల్లలకు వేదపాఠంతోపాటు గ్రాంథిక తెలుగునూ పరిచయం చేస్తోంది. అయితే నేటి బోధన ఎక్కువగా వాక్యాలను కంఠస్థం చేయించడం దగ్గరే ఆగిపోతోంది. తెలుగు బైబిలు భాషాస్వరూపం ఆధారంగా, వేదపాఠాన్ని భాషాపాఠంగా మలచుకొనే మార్గాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆదివారపు బడి, తెలుగు బైబిలు, సరళ గ్రాంథికం, పునఃకథనం, భాషానైపుణ్యాలు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవు. వాటికి సమీపంలోని రహమత్ నగర్ వంటి బస్తీలలో శ్రామిక కుటుంబాలు అధికం. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 విద్యాసంవత్సరం నుంచి 1–8 తరగతులకు ఆంగ్లమాధ్యమం ప్రవేశపెట్టారు. 2018 నాటి చట్టం తెలుగు బోధనను తప్పనిసరి చేసినా, ఆంగ్లమాధ్యమ విద్యార్థికి తెలుగు ఒక సబ్జెక్టు మాత్రమే. ఇటువంటి బస్తీలలోని క్రైస్తవ బాలబాలికలకు పాఠ్యపుస్తకం వెలుపల గ్రాంథిక తెలుగు వారం వారం వినిపించే చోటు ఆదివారపు బడి. ఆ గంట సమయం ఎలా వినియోగమవుతుందన్నది మతబోధకు మాత్రమే కాక మాతృభాషా విద్యకూ సంబంధించిన ప్రశ్న.

2. చారిత్రక నేపథ్యం

ఆదివారపు బడి పుట్టుకే అక్షరాస్యతతో ముడిపడి ఉంది. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ నగరంలో రాబర్ట్ రైక్స్ ప్రారంభించిన బడి, వారమంతా పనిచేసే పేదపిల్లలకు బైబిలు ఆధారంగా చదువు నేర్పింది. అక్కడ చదవడం నేర్వడమూ వేదపాఠమూ వేర్వేరు కావు.

తెలుగునేలపై ఈ సంబంధం అనువాదంతో మొదలైంది. 18వ శతాబ్ది ప్రథమార్ధంలో బెంజమిన్ షుల్జ్ చేసిన అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్‌కు చెందిన డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ సహాయంతో సువార్తలను అనువదించగా, అవి 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. 1854 నాటికి సంపూర్ణ బైబిలు తెలుగులో లభించింది. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమ ప్రభావం తర్వాతి కాలంలో పాఠ్యపుస్తకాలకు చేరింది. సంఘాలలో విస్తృతంగా చదివే బైబిలు మాత్రం సరళ గ్రాంథికంలోనే నిలిచింది.

3. బైబిలు తెలుగు: పిల్లలకు ఎదురయ్యే భాషాంశాలు

3.1 క్రియారూపాలు: గ్రాంథికంలో ‘అతడు వచ్చెను’, ‘ఆమె వచ్చెను’, ‘అది వచ్చెను’ – మూడింటికీ క్రియ ఒక్కటే. వ్యావహారికంలో ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని భేదం ఉంది. కర్త లోపించిన వాక్యంలో వచ్చినది ఎవరో తెలియాలంటే పిల్లవాడు వెనుకటి వాక్యానికి వెళ్లాలి. ఇది పఠనావగాహనకు సహజమైన అభ్యాసం.

3.2 గౌరవసూచన: ‘చెప్పెను’ అన్న రూపం గౌరవాన్ని వేరుగా సూచించదు. అదే కథను తన మాటల్లో చెప్పే పిల్లవాడు ‘చెప్పాడు’, ‘చెప్పారు’ అనే రూపాలలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. యేసుకు ఏ రూపం, సుంకరికి ఏ రూపం, రాజుకు ఏ రూపం అన్న చర్చ భాషలోని సామాజిక మర్యాదను బోధిస్తుంది.

3.3 పదార్థభేదం: ‘చేసినయెడల’ అంటే ‘చేస్తే’, ‘వారియెడల’ అంటే ‘వారి పట్ల’. రూపం ఒకటే, అర్థాలు రెండు. సందర్భం లేకుండా కంఠస్థం చేసిన పిల్లలకు ఈ భేదం అందదు.

3.4 కీర్తనల నిర్మాణం: హీబ్రూ కవిత్వంలో ఒక పాదంలోని భావం తరువాతి పాదంలో వేరే మాటలతో పునరుక్తమవుతుంది. ఈ సమాంతరత శబ్దంపై కాక అర్థంపై ఆధారపడినది కనుక అనువాదంలోనూ నిలుస్తుంది. పర్యాయపదాల అభ్యాసానికి ఇది అనుకూలం.

4. బోధనాక్రమం

కంఠస్థం చేయించడం దానంతటది దోషం కాదు. తెలుగు బోధనా సంప్రదాయంలో శతకపద్యాలనూ కంఠస్థం చేయించారు. అయితే పద్యం వెంట ప్రతిపదార్థం, తాత్పర్యం ఉండేవి. ఆదివారపు బడిలో కొరవడుతున్నది ఈ రెండు మెట్లే. వాటిని చేర్చితే క్రమం ఇలా ఉంటుంది.

మొదట ఉపాధ్యాయుడు భాగాన్ని స్పష్టంగా చదవాలి, పిల్లలు వినాలి. తరువాత కఠినపదాలకు అర్థాలు రాబట్టాలి. మూడో దశ పునఃకథనం: ‘వచ్చెను’ అన్నది పాఠ్యపుస్తకపు భాషలో ‘వచ్చాడు’గా, ఇంటిభాషలో ‘వచ్చిండు’గా మారుతుంది. మూడు రూపాలనూ నల్లబల్లపై పక్కపక్కన రాస్తే, ఇంటిమాట తప్పు కాదనీ, సందర్భాన్నిబట్టి రూపం మారుతుందనీ పిల్లలు గ్రహిస్తారు.

చివరిది రచన. లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానం ఇందుకు మంచి ఉదాహరణ. తమ్ముని రాకకు కోపించి ఇంటి బయటే నిలిచిన అన్న, తండ్రి బతిమాలిన తర్వాత లోపలికి వెళ్లాడో లేదో ఉపమానం చెప్పదు. ఆ ముగింపును పిల్లలు సంభాషణగా రాయవచ్చు. ఇంకా రాయలేని చిన్నపిల్లలు దానినే అభినయించి చెప్పవచ్చు.

మూల్యాంకనంలో ఒక జాగ్రత్త అవసరం. స్పష్టత, క్రమం, పదసంపద భాషకు ప్రమాణాలు, విశ్వాసం కాదు. అన్న లోపలికి వెళ్లలేదని రాసిన పిల్లవాని రచన కూడా సంభాషణలో బిగువుంటే మంచి రచనే. ఈ రెంటినీ కలిపివేస్తే పిల్లలు తమకు తోచినది మాని, ఉపాధ్యాయుడు ఆశించినదే రాస్తారు.

5. ముగింపు

తెలుగు బైబిలు గ్రాంథికత పిల్లలకు అడ్డంకి అన్న అభిప్రాయం సగమే నిజం. వివరణ లేనప్పుడు అది అడ్డంకి. ఇంటిభాషతో పోల్చి చూపినప్పుడు అదే పాఠ్యవస్తువు. ప్రతిపదార్థం, పునఃకథనం, రచన అనే మూడు మెట్లకు అదనపు పుస్తకాలు గాని ఖర్చు గాని అక్కరలేదు. బోధకులకు భాషాబోధనలో కొద్దిపాటి శిక్షణ చాలు. తెలుగు శాఖలు ఆ శిక్షణకు పూనుకొంటే, పాఠశాలలో ఒక సబ్జెక్టుగా కుదించుకుపోయిన మాతృభాషకు వారంలో మరో గంట లభిస్తుంది.