నీరు పల్లమెరుగును; కొనువాడెరుగునా?

ఏలూరు శివారులో ఇంటిస్థలము వెదకువారికి ఒక పాత శిస్తు పుస్తకము చెప్పు సంగతులు

ఏలూరు శివారులలో ఇల్లు కట్టుకొనుటకు యోగ్యమైన పేటలెవ్వి, గజము వెల యెంత, బడి యెంత దూరము, ఆసుపత్రి యెంత దూరము అను నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుచు, ఆదివారపు సంచికకు తగిన ముఖచిత్ర కథనమును గురువారము సాయంకాలములోగా పంపవలసినదని సంపాదకులవారి ఆజ్ఞ. వెల సంగతి నేను వ్రాయునాటికొకటి, మీరు చదువునాటికొకటి కాగలదు. దూరములను మీ చేతి సెల్‌ఫోనే కొలిచి చెప్పగలదు. కావున ఆ నాలుగింటిని పక్కకు నెట్టి, కొనువారు సాధారణముగా అడుగని, అడిగినను "ఇక్కడికి నీళ్లెందుకొస్తాయండీ!" అను బ్రోకరు చిరునవ్వుతో తేలిపోవునట్టి అయిదవ ప్రశ్నను పట్టుకొంటిని: శ్రావణ భాద్రపదములలో ఈ నేలపై పడిన వానయు, ఎగువనుండి దీనిపైకి వచ్చిన వరదయు ఎటు పోవును?

ఆ ప్రశ్నకు సమాధానము లేఅవుటువారి రంగుల బ్రోచరులో లేదు. తహసీల్దారు కచేరీలోని రికార్డు గదిలో కలదు. దానిని అందరును ఆర్.ఎస్.ఆర్. అందురు, రీసెటిల్‌మెంటు రిజిష్టరని పూర్తి పేరు. దొరలనాటి చెన్నపట్నపు ప్రభుత్వము ఏ నేలపై ఎంత శిస్తు వేయవలెనో తేల్చుకొనుటకై గ్రామమునకొకటి చొప్పున వ్రాయించిన ఈ పుస్తకములో, ప్రతి సర్వే నంబరునకు ఎదురుగా, అది సర్కారుదా ఇనామా, మెట్టయా పల్లమా పోరంబోకా, నీటి ఆధారమేది, మట్టి యే జాతిది, తరమెంత, విస్తీర్ణమెంత, ఎకరమునకు దర యెంత, పట్టాదారెవ్వడు అను గళ్లు వరుసగా నుండి, చిట్టచివర రిమార్కుల గడి యొకటి యుండును. జమీందారీలు రద్దయిన పిదప ఎస్టేటు గ్రామములకు తయారైన సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగలు దీనికి పినతమ్ముడు.

ఈ పుస్తకముపై నాకు కలిగిన ప్రీతికి కారణము దాని ప్రాచీనత కాదు, అది పుట్టిన తగవు. శిస్తు పెంచుకొనవలెనని సర్కారునకు ఆశ, తగ్గించుకొనవలెనని రైతునకు పట్టుదల. నేల మంచిదని సెటిల్‌మెంటు ఆఫీసరు వ్రాసికొనబోగా, కాదు బాబయ్యా, ఏటేట మునుగునని రైతు మొరపెట్టుకొనెడివాడు. ఒకరినొకరు నమ్మని ఇద్దరి నడుమ వ్రాయబడిన మాట గనుక, ఆ మాట నిజమునకు చాల దగ్గరగా నిలిచినది. బ్రోచరులో అట్టి ప్రతివాది యెవ్వడు? అమ్మువాడే వాది, అమ్మువాడే సాక్షి, తీర్పును అతడే అచ్చు వేయించును.

ఆ గళ్లను చదువు విధమును కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. మీకు చూపబడిన లేఅవుటు ఏ సర్వే నంబరులో నున్నదో దానికెదురుగా మెట్ట యని యున్నచో ఒక విధమైన నెమ్మది. పల్లమనియు, నీటి ఆధారము కాలువయనియు ఉన్నచో, ఆ నేలకు నీరు ఒక బోదె గుండా వచ్చి, మరియొక మురుగు కోడు గుండా పోవుచుండెనని అర్థము. అంతట గ్రామపటమును ముందు పరచుకొని ఆ బోదెయు ఆ కోడును ఇప్పుడెచ్చట నున్నవో వెదకవలెను. బోదె సిమెంటు రోడ్డు కింద పడియుండవచ్చును, కోడు ఎవరి ప్రహరీలోనో కలిసియుండవచ్చును. నీటికి మాత్రము ఆ విక్రయము సంగతి తెలియదు. పక్క నంబరు వాగు పోరంబోకుగానో, చెరువు పోరంబోకుగానో, పుంతగానో యున్నచో మరింత జాగరూకత వలయును. పుంతయనగా బండిబాట మాత్రమే కాదు, వానాకాలమున తరచుగా అదియే కాలువ. మట్టి గడిలో రేగడియని యున్నచో, నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలువారునది గనుక, పునాదికి అండర్‌రీమ్డ్ పైల్స్ ఖర్చు ముందే లెక్కలో వేసికొనవలెను. పది అడుగుల గోడ నెరియలువారిన పిదప మేస్త్రిని తిట్టి లాభము లేదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. 2020 డిసెంబరులో రాష్ట్రమందు రీసర్వే ఆరంభమైన పిదప, అది ముగిసిన గ్రామములలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చినవి. కొత్త నంబరుతో పాత పుస్తకమును తెరచిన ఏమియు దొరకదు. ఏ పాత నంబరు ఏ కొత్త నంబరైనదో తెలుపు పట్టికను ముందుగా సంపాదించవలెను. ఈ శ్రమకోర్వలేక విడిచిపెట్టువారే అధికులని నా అనుమానము.

ఇక ఊరి పోకడ. ఏలూరు నేల ఉత్తరమున మెట్టనుండి దక్షిణమున కొల్లేటి వైపునకు వాలియున్నది. పెదవేగి ప్రాంతపు ఎర్రనేలలలో ఆయిల్‌పాము తోటలు పెరుగుచుండగా, కైకలూరు రోడ్డు పట్టి దిగినవానికి చేపల చెరువులే దర్శనమిచ్చును. ఈ వాలునకు అడ్డముగా జాతీయ రహదారి యొకటి, చెన్నపట్నము హౌరా రైలుదారి యొకటి, కాలువ గట్టొకటి, ఇట్లు మూడు కట్టలు తూర్పు పడమరలుగా పరుండియున్నవి. ఎగువ నీరు ప్రతి కట్టకడ ఆగి, తూము వెదకుకొని దిగవలెను. కాబట్టి హైవే పక్క మెట్టనేల యని మురిసి కొనువారు సైతము, తమ స్థలము కట్టకు ఎగువనున్నదా దిగువనున్నదా, సమీపపు కల్వర్టు తెరచియున్నదా పూడియున్నదా యని చూచుకొనవలసినదే. ఇది చాలదన్నట్లు, ఖమ్మము వైపునుండి వచ్చు తమ్మిలేరు నగర సమీపమున రెండు పాయలై, ఊరిని నడుమ పెట్టుకొని కొల్లేట కలియుచున్నది. ఏడాదిలో అధికకాలము ఇసుకయు తుప్పలును తప్ప నీరు కానరాని ఈ యేరే 2020 అక్టోబరులో శనివారపుపేట కాజ్‌వేను ముంచి పారినది.

అదే యేడు డిసెంబరులో వన్‌టౌను వీథులలో జనులు మూర్ఛిల్లి పడిపోగా, ఆరువందలకు పైగా ఆసుపత్రి పాలై, వారి రక్తములో సీసమును నికెలును కనబడినవని ఎయిమ్స్ పరీక్షలు చెప్పినది మొదలు, కొళాయి నీరెక్కడిది, బోరు లోతెంత యని అడుగుట ఏలూరివారికి అలవడినది. వచ్చు నీటిని గూర్చిన ఈ జాగ్రత్త పోవు నీటి విషయమున ఇంకను అలవడలేదు.

పల్లమని తెలిసినను కొనువారికి బ్రోకరు చెప్పు ఔషధమొక్కటే: మెరక తోలించుట. టిప్పర్లతో గ్రావెలు తెచ్చి స్థలమును మూడడుగులు లేపి, దానిపై పునాది కట్టుదురు. మరుసటి యేడు పక్కవారు నాలుగడుగులు లేపుదురు. పంచాయతీవారో కార్పొరేషనువారో రోడ్డుపై రోడ్డు వేసి దానినొక జానెడు పెంచుదురు. ఇట్లు పదేండ్లకు, అందరికంటె ముందు వచ్చి అందరికంటె తక్కువ మెరక తోలించిన పింఛనుదారుని వసారాయే వీథికంతకును గుంటయగును. మెరక నీటిని పోగొట్టదు, పక్కింటికి పంపును. అందుచేత ఒంటరిగా నున్న స్థలము ఎత్తును చూచుట వ్యర్థము. వీథి చివరి మురుగుకాలువ అడుగు మట్టమును, అది కలియు కోడు మట్టమును చూడవలెను.

చరిత్ర చెప్పనిచో ముఖచిత్ర కథనమునకు మర్యాద లేదు గనుక ఒక్క ఊపిరిలో చెప్పెదను. వేంగిరాజ్యపు పెదవేగి ఇచ్చటికి కూతవేటు. ఉత్తర సర్కారులలో ఏలూరు సర్కారొకటి. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తికాగా గోదావరి కృష్ణల కాలువలు ఈ ఊరిలో కలిసికొన్నవి. 1866లో పురపాలక సంఘము, 1925లో పశ్చిమగోదావరికి జిల్లాకేంద్రము, 2005లో నగరపాలక సంస్థ, 2022 ఏప్రిలులో తన పేరనే జిల్లా. ఇక చాలును.

ఎచ్చట నివసింపవలెనను విద్యలో మనకు గురువులు కొల్లేటి లంకలవారు. గుడివాకలంక, కొల్లేటికోట మొదలగు గ్రామములు దిబ్బలపై నిలిచినవి. చుట్టు నీరు రాకూడదని వారనుకొనలేదు, వచ్చునని తెలిసియే ఇండ్లకు చోటెంచుకొనిరి. కాంటూరను మాటను ఇంజనీర్లతో సమానముగా వాడు సామాన్యజనము ఆంధ్రదేశమున మరియెచ్చటనైన నున్నదో లేదో నేనెరుగను: "మాది ఐదో కాంటూరండీ" అని చెప్పుట అచ్చట ఊరిపేరు చెప్పుటవంటిది. సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి; పదవ కాంటూరు వరకు నీరు వ్యాపించినచో సరస్సు 901 చదరపు కిలోమీటర్లగును. 2002లో రామ్‌సార్ జాబితాలోకెక్కినది ఈ పెద్దలెక్కయే. 2006లో అయిదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను యంత్రములతో తెగగొట్టినప్పుడు, కాగితముపై గీత యెంత బలమైనదో పరగణా అంతయు చూచినది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగరమును ముంచి, ఆ నీరే దిగువకు వచ్చి కొల్లేటిని పెంచగా లంకల దారులు మునిగినవి. ముంపునకు లోనైన పట్టణవాసి ఆశ్చర్యపడెను. లంకలవాడు పడవ దింపెను.

పెద్దనగరముల కథయు ఇంతకంటె వేరు కాదు. 2015 డిసెంబరులో చెన్నపట్నపు వేళచ్చేరి మునిగినది. అది పళ్లికరణై చిత్తడినేలల అంచు. హైదరాబాదులో చెరువు నిండుమట్టమును తెలుపు ఎఫ్.టి.ఎల్. అను మూడక్షరములు, 2024లో ఆక్రమణలను కూల్చు హైడ్రా సంస్థవారి యంత్రములు చెరువు గర్భములకు వచ్చిన పిదపగాని అనేకులకు కంఠస్థము కాలేదు.

సంపాదకులవారు పేటలకు మార్కులు వేయుమనిరి. వేయను, నా మొగ్గు మాత్రము దాచను. నా సొమ్మే అయినచో జంగారెడ్డిగూడెము రోడ్డు వైపు, హైవేకు ఎగువన, మెట్టయని పుస్తకములో వ్రాయబడిన నేలను, తమ్మిలేటి గట్టునకు ఎడముగా వెదకుదును. వట్లూరు వైపు కళాశాలయు రైల్వేస్టేషనును ఉండుటచే సౌకర్యమధికమే గాని, అచ్చట నంబరు నంబరునకును తేడా యుండును; రిజిష్టరు చూడక అడ్వాన్సు ఈయరాదు. కైకలూరు రోడ్డుపై సాయంకాలపు గాలి మనోహరము, వలసపక్షులు కన్నులపండువు, చూచి రావచ్చును.

గూడెము మాట

తాడేపల్లిగూడెమును ఏలూరితో పోల్చి వ్రాయుమని చివరి నిమిషమున వర్తమానము వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అచ్చట విమానాశ్రయపు రన్‌వే వేసిరి. విమానములు దిగు నేల నీరు నిలుచునది కారాదు గదా. 2015లో పుట్టిన నిట్‌కు స్థలము ఆ విమానాశ్రయపు భూములలోనే దొరకినది. వెంకట్రామన్నగూడెమున 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయమును మెట్ట వైపుననే. ఏలూరు కాలువకు ఎగువన కొంటిరా దిగువన కొంటిరా యనునదే గూడెములో మొదటి ప్రశ్న. ఉల్లిపాయల మార్కెట్టు పక్కన ఇల్లు కొనవలదని మాత్రము నా స్వకీయమైన సలహా. లారీలు తెల్లవారుజామునకు ముందే మేల్కొనును.

వాస్తు చిక్కు

వాస్తువాదులు తూర్పునకో ఉత్తరమునకో వాలిన నేలను మెచ్చుకొందురు. ఏలూరు నేల యావత్తు దక్షిణమునకు వాలినది. అందుచే నైరుతిని లేపి ఈశాన్యమును దించుటకై ప్రకృతివాలునకు ఎదురుగా మట్టి తోలించి, ఆపై పెరటిలో నిలిచిన వాననీటిని మోటారుతో వీథిలోకి తోడుకొను గృహస్థులు కలరు. శాస్త్రమును నేను ఖండింపను. కరెంటు బిల్లును గూర్చియే నా విచారము.

కాగితముల సంచి

సెంటునకు 48.4 గజములు, ఈ లెక్క ముందు సరిచూచుకొనుడు. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఆ నంబరు లేదని రూఢి చేసికొనుడు. దేవస్థానపు మాన్యములు, వక్ఫు భూములు, డి-పట్టాలు అందులో దొరకును. లేఅవుటునకు అనుమతి సంఖ్య యున్నదా, ఖాళీ విడువవలసిన పదింట ఒక వంతు నిజముగా ఖాళీగా నున్నదా, లేక పటమున పార్కై నేలపై అమ్ముడుపోయినదా యని నడచి చూడుడు. లింకు దస్తావేజులలోని హద్దులను కొత్తదానితో పోల్చుడు. ముప్పదియేండ్ల కిందట దక్షిణపు హద్దు పంటబోదె యని యుండి, నేడు అచ్చట ముప్పది అడుగుల రోడ్డని యున్నచో, ఆ బోదె నీరు ఎటు మళ్లింపబడెనో ఎగువ పొలము రైతును అడుగుడు. వానాకాలమున, పెద్దవాన వెలసిన మరునాడు, బ్రోకరు లేకుండ వెళ్లుడు.