రెండో మార్పిడి, ఇంటివాళ్ల కాపలా

రక్త క్యాన్సర్ వచ్చిన కొడుక్కి తండ్రి తన మూలకణాలు ఇచ్చాడనుకుందాం. ఏడాది బాగానే గడిచింది. తర్వాత పరీక్షల్లో జబ్బు మళ్లీ బయటపడింది. మళ్లీ కీమో, మళ్లీ మార్పిడి అన్నారు డాక్టర్లు. ఈసారి మాత్రం తండ్రివి వద్దు, తల్లివి కావాలన్నారు. ఇంట్లో అందరిదీ ఒకటే అనుమానం: "ఒక్కసారి పట్టిన నాయిన కణాలు ఇప్పుడెందుకు పనికిరావు?"

మార్పిడి అంటే ఆపరేషన్ అనుకునేవాళ్లే ఎక్కువ. కోతా కుట్టూ ఏమీ ఉండవు. రక్తం ఎక్కించినట్టే సంచిలోని కణాలను నరంలోకి ఎక్కిస్తారు, దారి వెతుక్కుని అవే మూలుగ చేరతాయి. 1957లో అమెరికాలో డానల్ థామస్ అనే డాక్టరు ఈ దారి పట్టాడు, 1990లో నోబెల్ అందుకున్నాడు. మన దేశంలో తొలి మార్పిడి 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో జరిగింది. కీమో, రేడియేషన్లే జబ్బును చంపుతాయని, కొత్త కణాలు ఆ ఖాళీని నింపుతాయని మొదట్లో లెక్క. తర్వాత తెలిసింది, దాత తెల్లకణాలు మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను పరాయివిగా పసిగట్టి వేటాడతాయని.

పసిగట్టేది కణాల మీదుండే హెచ్ఎల్ఏ గుర్తులను బట్టి. ఈ గుర్తుల్లో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. తోబుట్టువుల్లో ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. కన్నవాళ్లతో సగమైతే తప్పక కలుస్తుంది, ఆ సగంతోనూ మార్పిడి చేయడం ఇప్పుడు మామూలైంది. తండ్రి కణాలకు కొడుకు జబ్బులో పరాయిగా కనిపించేవి తల్లి వైపు గుర్తులే. 2009లో ఇటలీలోని మిలాన్ పరిశోధకులు ఒక విచిత్రం బయటపెట్టారు. కొన్ని క్యాన్సర్ కణాలు ఆరో క్రోమోజోములో తల్లి ఇచ్చిన ఆ ముక్కనే వదిలేసి, దాని చోట తండ్రి ముక్కకు ఇంకో నకలు పెట్టుకుంటాయి. ఇక తండ్రి కణాల కంటికి అవి సొంతవాళ్లే. ఆయన తెల్లకణాలను ఇంకెన్నిసార్లు ఎక్కించినా లాభముండదు. తల్లి కణాలకు మాత్రం ఆ తండ్రి వైపు గుర్తులు పరాయివి.

తిరగబెట్టిన ప్రతి జబ్బూ ఈ ఎత్తు వేయదు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. దాతను మార్చారంటే తనలోనే ఏదో లోపముందని తండ్రి కుమిలిపోవడం మాత్రం అన్యాయం. ఆయన కణాలు గట్టిగా వెంటపడ్డాయి కాబట్టే జబ్బు వేషం మార్చింది.

రెండోసారి అంత తేలిక కాదు. ఒళ్లు మొదటి దెబ్బకే అలసి ఉంటుంది, అందుకని కీమో మోతాదు తరచూ తగ్గిస్తారు. మొదటి మార్పిడికీ జబ్బు తిరగబెట్టడానికీ మధ్య ఎంత ఎక్కువ కాలం గడిస్తే అంత ఆశ. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌లో సంగతి వేరు. అక్కడ రోగి సొంత కణాలే వాడతారు. రెండోసారికి కూడా సరిపడా మొదటే తీసి, ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. ఆ వైద్యంలో మెల్ఫలాన్ అనే కీమో మందు ఎక్కేటప్పుడు నర్సు ఐసు ముక్కలు ఇచ్చి చప్పరించమంటుంది. పక్కనున్నవాళ్లు సర్ది చేస్తుందని వద్దనకూడదు. చలికి నోటిలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, మందు అక్కడికి తక్కువ చేరుతుంది, పుండ్లు తగ్గుతాయి.

ఇతరుల కణాలు ఎక్కించిన చోట దాత కణాలు రోగి ఒంటిమీదే తిరగబడకుండా మెథోట్రెక్సేట్ ఇస్తుంటారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన మందే ఇది. దీనితోనూ నోరు పూస్తుంది. అన్నం ముద్ద దిగనప్పుడు మెత్తటి జావ కలిపిచ్చే చెయ్యి కావాలి.

ప్రేమ కొద్దీ జరిగే పొరపాటు ఒకటుంది. ప్లేట్‌లెట్లు పడిపోయాయనగానే తమ్ముడు, మేనమామ చొక్కా చేతులు మడిచి ముందుకొస్తారు. మార్పిడి కావాల్సిన మనిషికి మార్పిడికి ముందు రక్తసంబంధీకుల రక్తం ఎక్కించకూడదు. రోగి ఒళ్లు ఆ గుర్తులకు ఎదురుతిరగడం నేర్చుకుంటే, రేపు వాళ్ల మూలకణాలనే తోసేస్తుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. దగ్గరివాళ్ల తెల్లకణాలను ఒళ్లు పరాయివని గుర్తించక వదిలేస్తే, అవి లోపల పెరిగి ఎదురుదాడికి దిగుతాయి. ఇది చాలావరకు ప్రాణాంతకమే. అందుకే ఈ రోగులకు రేడియేషన్ పెట్టిన రక్తమే ఎక్కిస్తారు. పిలవాల్సింది స్నేహితులను, ఊరివాళ్లను. ప్లేట్‌లెట్లు నిల్వ ఉండేది అయిదు రోజులే కాబట్టి, అందరినీ ఒకేరోజు పట్నం తోలుకుపోయినా ఉపయోగం లేదు.

భైంసా లాంటి ఊళ్లో అసలు పరీక్ష ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక మొదలవుతుంది. హైదరాబాద్ బస్సులో అయిదు గంటల పైమాటే. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 కన్నా తక్కువున్న మనిషికి చీము సరిగా పట్టదు, వాపు పెద్దగా రాదు, దగ్గినా కఫం అంతగా పడదు. ఇవన్నీ తెల్లకణాలు చేసే పనులే కదా. ఒళ్లు ఇవ్వగలిగే కబురు చాలాసార్లు జ్వరం ఒక్కటే. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలి. "గింత జరానికే పట్నం పోవుడా, పొద్దుగాల చూద్దాం" అనే పెద్దమ్మ మాట ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ముందు పారాసిటమాల్ వేస్తే ఆ ఒక్క కబురూ అందకుండా పోతుంది. తొలి డోసు నిర్మల్‌లో వేయించాలా, నిజామాబాద్‌లోనా, ఏ మందు అన్నది డిశ్చార్జి కాగితం మీద డాక్టరు చేత రాయించుకుని రావాలి. రాత్రి రెండు గంటలకు ఫోన్ ఎత్తే కారు డ్రైవరు నంబరు కూడా ఆ కాగితం మీదే ఉంటే మంచిది.

ఇంట్లో దుమ్ము సంగతి. ధర వస్తుందని పత్తిని ఇంట్లోనే గుట్టపోసి ఉంచడం ఇటువైపు రైతులకు అలవాటు. ఆ నుసిలో ఆస్పర్జిల్లస్ అనే బూజు విత్తులు ఉంటాయి. మనకు తుమ్ముతో పోతాయి, ఆ మనిషికి ఊపిరితిత్తుల్లో మొలుస్తాయి. పత్తి ఇంకో చోటికి మారాలి, లేదా మంచం మారాలి.

మార్పిడితో చిన్నప్పటి టీకాల రక్షణ చాలావరకు పోతుంది. ఆరు నెలలు దాటాక డాక్టరు చెప్పిన వరసలో మళ్లీ వేయించుకోవాలి. బతికున్న క్రిములతో చేసిన టీకాలకు మామూలుగా రెండేళ్లు ఆగాలి. అదే ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలుంటే పల్స్ పోలియో రోజున ఆగి ఆలోచించాలి. ఆ చుక్కల్లో బతికున్న వైరస్ ఉంటుంది, అది పిల్లల మలంతో కొన్ని వారాలు బయటికి వస్తుంది. పిల్లల టీకా మానేయమని కాదు. సూది రూపంలో ఉన్న పోలియో టీకా వేయించమని ఏఎన్ఎంకు ముందే చెప్పుకోవాలి.