పన్నెండు వోల్టుల్లో ఎంత పాట పడుతుంది?

గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు తూర్పున లామింగ్టన్ రోడ్డు, దాని దక్షిణపు కొసన ఆపెరా హౌస్. రేడియో విడిభాగం మొదలు కారు స్టీరియో దాకా ఏది కావాలన్నా ముంబయి జనం తరాలుగా వెళ్ళేది అటే. తెలుగు తాపీ మేస్త్రీలు, కూలీలు వచ్చి స్థిరపడ్డ కామాఠీపురా నుంచి అక్కడికి నడిచే వెళ్ళొచ్చు. దాదర్ నుంచయితే వెస్టర్న్ లైన్‌లో ఐదో స్టేషన్. పండక్కి పాలమూరుకో కరీంనగర్‌కో సొంత కారులో రాత్రంతా ప్రయాణం పెట్టుకున్న కుర్రవాడు ముందుగా మార్చాలనుకునేది కంపెనీ ఇచ్చిన స్టీరియోనే. దుకాణంలో అతని కళ్ళు ఆగేది డబ్బా మీది అంకె దగ్గర: 50 వాట్లు × 4.

నాలుగు యాభైలు రెండు వందలు. మరి స్టీరియోకు తోడు వేరే ఆంప్లిఫయర్ ఎందుకు?

ఆ యాభై ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క కడితే జవాబు దొరుకుతుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు కారు తీగల్లో సుమారు 14.4 వోల్టులుంటాయి. మామూలు కారు స్పీకరు నిరోధం 4 ఓములు. వోల్టేజీని దానితోనే గుణించి నిరోధంతో భాగిస్తే వాట్లు వస్తాయి: 14.4 × 14.4 ÷ 4 అంటే 51.8. డబ్బా మీది యాభై ఇదే. కానీ స్పీకరుకు ఎడతెగకుండా పూర్తి వోల్టేజీ అందితేనే ఈ అంకె నిజం. అప్పుడు వినిపించేది పాట కాదు, తల తెగిన చదరపు తరంగం, అంటే చెవులు చిల్లులు పడే గరగర. నునుపుగా ఎక్కి దిగే స్వర తరంగానికి దక్కేది అందులో సగం, 25.9 వాట్లు. లోపలి చిప్‌లో పోయేది కూడా తీసేస్తే శుభ్రమైన శబ్దానికి మిగిలేది 18 నుంచి 20 వాట్లు. ఏ బ్రాండు డెక్, అంటే స్టీరియో, కొన్నా, ఎంత డబ్బు పోసినా, తన లోపలి చిప్‌తోనే స్పీకర్లను నడిపే డెక్‌కు 4 ఓముల స్పీకరు మీద మామూలుగా ఇంతకన్నా పెద్దగా ఎక్కువ రాదు. అడ్డం పడుతున్నది కంపెనీ కాదు, బ్యాటరీ.

నిజానికి ఈ ఇరవై వాట్లు కూడా ఒక ఉపాయంతో వచ్చినవే. స్పీకరు ఒక కొసను బాడీకి ఎర్త్ చేసి, రెండో కొసకు మాత్రమే సిగ్నల్ ఇస్తే తరంగం అటు 7.2, ఇటు 7.2 వోల్టులకు మించి ఊగలేదు. ఆ లెక్కన ఆరున్నర వాట్లు దాటవు. పాత డెక్‌లు చాలావరకు అలాంటివే. కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని టాక్సీల్లో వెనక అద్దం కింద రెండు స్పీకర్లు పెట్టుకుని నగరమంతా తిరిగిన పాటలన్నీ ఆ కొద్ది వాట్ల పాటలు. ఆఖరి పద్మిని టాక్సీ తాడ్‌దేవ్ ఆర్టీవోలో 2003 అక్టోబరు 29న నమోదైంది, 20 ఏళ్ళ గడువు నిండి 2023లో రోడ్డు దిగింది. ఈలోగా డెక్ లోపలి పద్ధతి మారిపోయింది. ఇప్పుడు ఒక్కో స్పీకరుకు రెండు ఆంప్లిఫయర్లు ఎదురెదురుగా పనిచేస్తాయి. ఒకటి పైకి తోస్తే రెండోది కిందికి లాగుతుంది. ఊగే వోల్టేజీ రెట్టింపవుతుంది కనుక వాట్లు నాలుగింతలవుతాయి.

దీనివల్ల తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఇప్పటి స్టీరియోలో స్పీకరు మైనస్ వైరు ఎర్త్ కాదు. ప్లస్, మైనస్ రెండింటి మీదా సరఫరాలో సగం వోల్టేజీ, అంటే ఆరేడు వోల్టులు, ఎప్పుడూ నిలిచి ఉంటాయి. పాత టాక్సీల్లో చేసినట్టు మైనస్ కొసను బాడీకి కలిపితే చిప్ కాలిపోయే ప్రమాదం ఉంది. కొత్త చిప్‌లు చాలావరకు తమను తాము ఆపుకుని ప్రాణం దక్కించుకుంటాయి. అయినా ఆ నమ్మకం మీద పని చేయకూడదు.

చాలని వోల్టేజీతో పేచీ కారు రేడియో పుట్టిన రోజు నుంచీ ఉంది. అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లో మోటరోలా పేరుతో కారు రేడియో అమ్మకానికి పెట్టినప్పుడు కార్లలో ఉన్నది ఆరు వోల్టుల బ్యాటరీ. రేడియో వాల్వులకేమో వందకు పైగా వోల్టులు కావాలి. మొదట్లో అందుకోసం విడిగా బ్యాటరీలు మోసేవారు. కొద్దికాలానికే వైబ్రేటర్ వచ్చింది. అది లోహపు నాలుకతో సెకనుకు వంద సార్లకు పైగా కరెంటును తెంపుతూ కలుపుతూ, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వోల్టేజీని పెంచేది. ఈనాటి కారు ఆంప్లిఫయర్ మూత విప్పి చూడండి, ఉంగరం ఆకారపు ఫెర్రైట్ మీద రాగి తీగ చుట్టి కనిపిస్తుంది. వైబ్రేటర్ చేసిన పనే అది. నాలుక స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి, తెంపడం కలపడం సెకనుకు వేల సార్లకు పెరిగింది. పన్నెండు వోల్టులు లోపలికి వెళ్ళి అటు ముప్ఫై, ఇటు ముప్ఫై వోల్టులుగా మారి బయటికొస్తాయి. వేరే ఆంప్లిఫయర్ అవసరం అందుకే. అది సిగ్నల్‌ను మాత్రమే పెంచదు, కారుకు లేని వోల్టేజీని తయారు చేసుకుంటుంది.

అయితే చెవికి ఈ వాట్లన్నీ వినపడతాయా? వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం 3 డెసిబెళ్ళే పెరుగుతుంది. వినేవారికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్ళు, అంటే పదింతల వాట్లు కావాలి. అందుకే స్పీకరు కొనేటప్పుడు వాట్లకన్నా ముందు, ఒక్క వాటుకు ఎంత శబ్దమిస్తుందో చెప్పే సెన్సిటివిటీ అంకె చూడాలని నా అభిప్రాయం. 88 బదులు 91 డెసిబెళ్ళ స్పీకరు తీసుకుంటే ఆంప్లిఫయర్‌ను రెట్టింపు చేసినంత ఫలితం. ఆంప్లిఫయర్ మేలు వేరే చోట తెలుస్తుంది. డప్పు మీద దెబ్బ పడే క్షణంలో పాటకు సగటుకన్నా పదింతల శక్తి అవసరం కావచ్చు. హైవే మీద అద్దాలు దించి సగటున ఐదు వాట్లతో వింటుంటే ఆ దెబ్బకు యాభై కావాలి. ఇరవై దగ్గరే ఆగిపోయే డెక్ ఆ దెబ్బ తలను కోసేస్తుంది. డప్పు చప్పగా, గొంతు గరుకుగా వినపడేది అందువల్లే.

ఇక తీగ సంగతి. ఈ పనంతటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. దుకాణంలో అందరూ తక్కువగా ఖర్చు పెట్టేదీ దీని మీదే.

400 వాట్ల క్లాస్-డి ఆంప్లిఫయర్ సామర్థ్యం 80 శాతం అనుకుందాం. పూర్తి జోరులో అది బ్యాటరీ నుంచి 500 వాట్లు లాగుతుంది. ఇంట్లో 230 వోల్టుల మీద అది రెండు ఆంపియర్ల పైచిలుకు, ఫ్యాను వైరుతో సరిపోతుంది. కారులో పన్నెండు వోల్టుల మీద అదే 40 ఆంపియర్లు దాటుతుంది. బానెట్ కింది బ్యాటరీ నుంచి సీటు కింది ఆంప్లిఫయర్‌కు ఐదు మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరు వేస్తే, 40 ఆంపియర్ల దగ్గర దారిలోనే దాదాపు 1.4 వోల్టులు పోతాయి. ఉన్నవే పన్నెండు. పైగా ఆ పోయిన వోల్టేజీ వేడిగా మారుతుంది. 55 వాట్లు కార్పెట్ కింద తీగలోనే ఖర్చవుతాయి. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వేస్తే నష్టం 0.2 వోల్టులకు దిగుతుంది.

రాగి అన్నాను. చవక కిట్లలో వచ్చేది ఎక్కువగా రాగి పూత పూసిన అల్యూమినియం. దాని వాహకత రాగిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. తొడుగు లావుగా ఉండి లోపలి తీగ సన్నగా ఉండడమూ మామూలే. బ్లేడుతో ఒక పోగును గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. చేత్తో ఎత్తినా తెలుస్తుంది, రాగి దానికన్నా మూడు రెట్లు బరువు. ముంబయి సముద్రపు గాలిలో, నాలుగు నెలల వాన తేమలో పూత లేచిన అల్యూమినియం కొసలు తెల్లగా పొడిబారతాయి. అక్కడ నిరోధం పెరుగుతుంది, బిగించిన చోటే వేడెక్కుతుంది. తీరప్రాంతపు కారులో స్వచ్ఛమైన రాగి, వీలయితే తగరం పూత వేసిన రాగి తప్ప మరొకటి వేయొద్దు.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు, మహా అయితే రెండు జానల దూరంలో ఉండాలి. దాన్ని ఆంప్లిఫయర్ కోసం అనుకుంటారు చాలామంది. అది కాపాడేది తీగను. బానెట్ నుంచి లోపలికొచ్చే ఇనుప రేకు రంధ్రం అంచుకు రాసుకుని తొడుగు తెగిందనుకోండి, చిన్న కారు బ్యాటరీ కూడా అప్పుడు వందల ఆంపియర్లు వదలగలదు. ఎర్రగా కాలే తీగ పక్కనే డీజిల్ గొట్టమో, సీఎన్‌జీ గొట్టమో ఉంటుంది. ఫ్యూజును ఆంప్లిఫయర్ దగ్గర పెడితే మధ్యలోని ఐదు మీటర్లకూ రక్షణ లేనట్టే. రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ మరిచిపోకూడదు.

ఎర్త్ వైరు లావు ప్లస్ వైరుకు సమానంగా ఉండాలి, పొడవు అరమీటరు దాటకూడదు. బాడీ రంగును గీకి, లోహం మెరిసాక బోల్టు బిగించాలి. ఇంజను వేగంతో పాటు స్పీకర్లలో కూయ్‌మని లేచే కూత చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. ముంబయి చాల్‌లో ఒకే నల్లా గొట్టం మీద నాలుగు ఖోలీలు, అంటే గదులు, ఉన్నప్పుడు, కింది వారు తిప్పితే పైవారికి ధార సన్నబడుతుంది కదా, కారు బాడీ కూడా అలాంటి ఉమ్మడి దారే. 40 ఆంపియర్లు వెనక్కి వెళ్ళే దారిలో రెండు మిల్లీ ఓముల నిరోధమున్నా 80 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. డెక్ ఎర్త్‌కూ ఆంప్లిఫయర్ ఎర్త్‌కూ మధ్య ఆ తేడా, డెక్ నుంచి సిగ్నల్ తెచ్చే ఆర్సీఏ తీగ మీదుగా పాటలో కలుస్తుంది. ఆల్టర్నేటర్ కరెంటులో ఉండే చిన్న అలలు దానిమీద స్వారీ చేస్తూ కూతగా వినపడతాయి. ఫిల్టర్ డబ్బా కొనేముందు ఎర్త్ బోల్టు విప్పి చూడాలి. కరెంటు తీగ కారుకు ఒక వైపు నుంచి, ఆర్సీఏ రెండో వైపు నుంచి లాగడం మంచి అలవాటు.

ఇప్పటి కార్లలో కంపెనీ స్టీరియోను తీసేయడమే కష్టమవుతోంది. రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీది బటన్లు, కొన్నింట్లో ఏసీ కూడా ఆ తెరలోనే కలిసి ఉంటాయి. ఉన్నదాన్నే ఉంచి, దాని స్పీకరు తీగల నుంచే ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ ఇచ్చుకోవచ్చు. దీన్ని హై-లెవెల్ ఇన్‌పుట్ అంటారు. ఆ తీగల మీద నిలిచి ఉండే ఆరు వోల్టులను పసిగట్టి తనంతట తానే ఆన్ అయ్యే ఆంప్లిఫయర్లున్నాయి, వాటికి డెక్ నుంచి ఆన్ చేసే రిమోట్ వైరు అక్కర్లేదు. కానీ కంపెనీ స్టీరియోలు కొన్ని చిన్న స్పీకర్లు చిరగకుండా వాల్యూము పెంచేకొద్దీ బాస్‌ను తగ్గిస్తాయి. అలాంటి వాటికి దిద్దుబాటు చేసే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్, అంటే డీఎస్‌పీ ఉన్న ఆంప్లిఫయర్ కావాలి. ఏది చేసినా కంపెనీ తీగను కత్తిరించొద్దు. ఆ మోడల్‌కు సరిపడే కప్లర్ దొరుకుతుంది, మధ్యలో గుచ్చితే చాలు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. డాష్‌బోర్డు వెనక పసుపు కప్లర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలు ప్రాణాంతకం.

గెయిన్ బటన్ గురించి రెండు మాటలు. అది వాల్యూము కాదు, డెక్ పంపే సిగ్నల్‌కు ఆంప్లిఫయర్‌ను సరిజోడు చేసే మర. స్పీకరు తీసేసి, మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఫిల్టర్లు, బాస్ బూస్ట్ ఆపి, 100 హెర్ట్జ్ స్వరాన్ని డెక్‌లో ముప్పాతిక వాల్యూములో వాయించండి. 4 ఓముల మీద 50 వాట్లు కావాలంటే మీటరు 14.1 వోల్టులు చూపేదాకా తిప్పాలి. వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీస్తే ఏ ఆంప్లిఫయర్‌కైనా ఆ అంకె వస్తుంది.

చివరికి ఆంప్లిఫయర్‌ను ఎక్కడ పెట్టాలి? ఇక్కడ ముంబయి కారు కష్టం ముంబయిదే. టాక్సీల్లో, చాలా సొంత కార్లలో డిక్కీని సీఎన్‌జీ సిలిండరు ఆక్రమించి ఉంటుంది. మూసిన డిక్కీలో వాల్వు దగ్గర కొంచెం గ్యాసు కారినా పోగవుతుంది. వదులుగా ఉన్న బోల్టు దగ్గర నిప్పురవ్వ చాలు. అక్కడ ఆంప్లిఫయర్ పెట్టొద్దు, గ్యాసు గొట్టానికి ఆనించి తీగ లాగొద్దు. మిగిలింది సీటు కింది చోటు. కానీ దాదర్ దగ్గర హింద్‌మాతాలో వానాకాలం నీళ్ళు నిలవడం అందరికీ తెలిసిందే. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు ఎన్నో కార్లు సీట్ల దాకా మునిగాయి. అందుకని ఆంప్లిఫయర్‌ను నేల కార్పెట్ మీద పడుకోబెట్టకుండా, సీటు కిందే ఇనుప క్లాంపులతో వీలైనంత ఎత్తున, చుట్టూ గాలి ఆడేలా బిగించాలి. తీగను ఆంప్లిఫయర్‌కు చేరేముందు కిందికి ఒక వంపు తిప్పితే జారిన నీటిబొట్టు టెర్మినల్‌లోకి పోకుండా వంపు దగ్గరే రాలిపోతుంది. నీళ్ళు లోపలికొచ్చిన కారులో తాళం తిప్పే ముందు బ్యాటరీ మైనస్ తీసి, ఆంప్లిఫయర్ ఫ్యూజు లాగేయాలి. మూత విప్పి, మంచినీళ్ళతో బురద కడిగి, రోజుల తరబడి ఆరనిచ్చాకే మళ్ళీ ఫ్యూజు పెట్టాలి.