పరుగులో నొప్పి ఒక కాలికేనా? తేడా ఎక్కడుందో చూసుకోవాలి

రాజంపేట: పోలీసు కొలువుల కోసం సాధన చేసే యువతలో కొందరికి దమ్ము చాలినా కాలు సహకరించదు. అదీ ఎప్పుడూ ఒకే కాలు. మోకాలి పక్కన లాగడం, పిక్కకు ముందువైపున ఎముక నొప్పి పుట్టడం, తుంటి పట్టేయడం వంటివి ఒకవైపే కనిపిస్తే బూట్లను నిందించడం పరిపాటి. బూట్లు మార్చినా నొప్పి మారకపోతే లోపం పరుగు తీరులోనో, రెండు కాళ్ల బలంలోని తేడాలోనో ఉందని అనుమానించాలి.

పోలీసు నియామక మండలి 2022లో నిర్దేశించిన ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయవలసి వచ్చింది. ఆ వేగంతో 1600 మీటర్లు పరుగెత్తే వ్యక్తి సుమారు 1200 అడుగులు వేస్తాడు. అంటే ఒక్కో కాలికి 600. పాదం నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు, మూడు రెట్ల భారం ఆ కాలిపై పడుతుంది. బలహీనమైన కాలు ఇంత భారాన్ని రోజూ మోయలేక ఎక్కడో ఒకచోట మొరాయిస్తుంది.

అయితే రెండు కాళ్లూ అచ్చుగుద్దినట్లు ఉండాలన్న నియమమేమీ లేదు. జమైకా పరుగువీరుడు ఉసేన్ బోల్ట్‌కు వెన్నెముకలో వంపు ఉంది. కుడికాలు ఎడమకాలి కన్నా దాదాపు అర అంగుళం పొట్టి. ఆయన కుడికాలు ఎడమకాలి కన్నా 13 శాతం ఎక్కువ బలంతో నేలను తాకేదని, ఎడమకాలు 14 శాతం ఎక్కువసేపు నేలపై ఉండేదని అమెరికాలోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వెల్లడించారు. ప్రపంచ రికార్డులు ఆ కాళ్లతోనే వచ్చాయి. కాబట్టి నొప్పి లేని చిన్న తేడాను చూసి బెంగపడనక్కరలేదు. నొప్పితో కూడిన తేడానే పట్టించుకోవాలి.

ఎముకా, కండరమా?

ఎముకే పొట్టిగా ఉండటం ఒక రకం. పుట్టుకతోనో, చిన్ననాడు కాలు విరిగి అతుక్కున్నప్పుడో ఇది వస్తుంది. సెంటీమీటరు లోపు తేడా చాలామందిలో ఉంటుంది, వారికి తెలియను కూడా తెలియదు. రెండు సెంటీమీటర్లు దాటితే వైద్యులు మడమ ఎత్తు పెంచడం వంటి ఉపాయాలు ఆలోచిస్తారు. రెండో రకంలో ఎముకలు సమానమే. తుంటి పక్క కండరం బలహీనపడటం వల్లనో, ఒక పాదం చదునుగా ఒరగడం వల్లనో కటి వంగి, ఒక కాలు పొట్టిగా కనిపిస్తుంది. దీనికి వ్యాయామమే మందు. ఏ రకమో తేల్చుకోకుండా బూటులో రబ్బరు ముక్క పెట్టుకుంటే ఉన్న నొప్పికి కొత్తది తోడవుతుంది.

సాధన చేసే తీరూ తేడాను పెంచుతుంది. రోడ్డు నడుమ మెరకగా, అంచులు పల్లంగా ఉంటాయి. ఎప్పుడూ ఎడమ అంచునే పరుగెత్తితే ఎడమపాదం పల్లంలో, కుడిపాదం మెరకలో పడతాయి. రోడ్డే ఒక కాలిని పొట్టి చేసినట్లవుతుంది. మైదానంలో ఎప్పుడూ ఎడమకే తిరిగే మలుపులు మరో కారణం. ఇదే పరీక్షలోని లాంగ్‌జంప్‌ను కూడా మరువరాదు. పురుషులకు 4 మీటర్లు, మహిళలకు 2.5 మీటర్లు దూకవలసిన ఆ అంశానికి అందరూ ఒకే కాలితో ఎగసి సాధన చేస్తారు. నెలల తరబడి ఒక కాలే బలపడితే రెండోది వెనుకబడటంలో వింతేముంది?

పరీక్షించుకునే విధానం

అద్దం ముందు ఒంటికాలిపై 30 సెకన్లు నిలబడాలి. తరువాత అదే కాలిపై మోకాలిని కొద్దిగా వంచి లేవాలి. మోకాలు లోపలికి ఒరిగినా, ఎదుటివైపు నడుము కిందికి జారినా నిలబడిన కాలి తుంటి బలహీనమని అర్థం. ఒంటికాలిపై మడమను ఎన్నిసార్లు ఎత్తగలరో రెండువైపులా లెక్కపెట్టినా తేడా తెలుస్తుంది. స్నేహితుడి చేత సెల్‌ఫోన్‌లో వెనుక నుంచి, పక్క నుంచి వీడియో తీయించుకుంటే ఇంకా మంచిది. పక్క నుంచి చూసినప్పుడు పాదం మోకాలికి బాగా ముందు పడుతుంటే అడుగు అతిగా చాస్తున్నట్లే. అలా చాచిన ప్రతి అడుగూ బ్రేకు వేసినట్లు వేగాన్ని తగ్గిస్తుంది. అడుగు కొద్దిగా కుదించి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలిపై భారం తగ్గుతుంది.

పక్కకు పడుకుని పై కాలిని తిన్నగా లేపడం, వెల్లకిలా పడుకుని ఒక పాదంపైనే బలం పెట్టి నడుము ఎత్తడం, మెట్టెక్కి దిగడం, ఒంటికాలిపై మడమ ఎత్తడం వంటివి వారానికి రెండు, మూడు రోజులు చేయాలి. ముందు బలహీనమైన కాలితో మొదలుపెట్టి, అది ఎన్నిసార్లు చేయగలదో బలమైన కాలితోనూ అన్నిసార్లే చేయాలి. ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ప్రకటన వెలువడ్డాక మొదలుపెడితే సమయం చాలకపోవచ్చు.

ఎముకపై ఒకే చోట నొక్కితే నొప్పి ఎక్కువైనా, రాత్రివేళ నొప్పి వచ్చినా, కుంటుతూ నడవవలసి వచ్చినా పరుగు వెంటనే ఆపాలి. ఎముకలో సన్నని పగులు ఏర్పడి ఉండవచ్చు. మొదట్లో మామూలు ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. కాబట్టి ఎక్స్‌రే బాగుందని పరుగు కొనసాగించకుండా ఎముకల వైద్యుడి సలహా తీసుకోవాలి. నొప్పి తగ్గాక తిరిగి ఆరంభించేవారు మొదటి రెండు వారాలు చదునైన మట్టి నేలపై కాసేపు నడక, కాసేపు పరుగుగా సాధన చేసి, ఆ తరువాతే గడియారం చూసుకోవాలి.