మందూ, గుండూ, ఓర్పూ

తెలుగులో "మందు" అన్న మాట చేసినంత చాకిరీ మరే మాటా చేయదేమో! జ్వరం వస్తే మందు. పైరుకు పురుగు పడితే మందు. దీపావళికి పిల్లలు కాల్చేదీ మందే. సాయంకాలం వేళ కొందరు చాటుగా పుచ్చుకునే దానికీ ఆ పేరే. ఇన్ని మందుల మధ్య తుపాకిమందు సంగతి మనం దాదాపు మరిచిపోయాము. ఈనాటి పోలీసు తుపాకిలో ఇత్తడి తూటా వుంటుందే గాని, విడిగా మందు కంటికి కనిపించదు. ఒకప్పుడు అలా కాదు. మందు వేరు, గుండు వేరు, నిప్పు వేరు. మూడింటినీ మనిషే తన చేత్తో కలపాలి. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున అలాటి తుపాకిని "బర్మారు" అనేవారు. భర్ అంటే నింపడం, మార్ అంటే కొట్టడం. పని అంతా పేరులోనే వుంది.

ఈ పాత తుపాకి పోలండు దేశంలో ఇప్పుడొక సెలవునాటి వ్యాసంగం. అక్కడ 1999లో చేసిన ఆయుధ చట్టం ప్రకారం, 1885కు ముందు తయారై, మందూ గుండూ విడివిడిగా నింపే తుపాకులకూ, వాటి నమూనాలకూ లైసెన్సు అక్కరలేదు. ఈడు వచ్చినవారెవరైనా కొనుక్కోవచ్చు. కాల్చడం మాత్రం అనుమతి వున్న మైదానంలోనే జరగాలి. తమాషా ఏమంటే, తుపాకికి లేని అడ్డు మందుకు వుంది! తుపాకిమందు కొనాలంటే తగిన పత్రం చూపవలసిందే. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. మన ఏజెన్సీ కథకు కూడా ఇదే తాళంచెవి.

ఈ విద్యలో కొత్తగా చేరినవాడు గురి నేర్చుకోవాలని ఉబలాటపడతాడు. గురువు నేర్పేది గురి కాదు, వరస. ముందు గొట్టం ఖాళీగా వున్నదీ లేనిదీ చూడాలి. తరువాత మందును చిన్న కొలతలో పోసుకుని, ఆ కొలతలోనుంచే గొట్టంలో పోయాలి. మందుకొమ్మును తిన్నగా గొట్టం మూతికి ఆనించి వంపకూడదు. కిందటి కాల్పు తాలూకు నిప్పురవ్వ ఒక్కటి లోపల మిగిలివుంటే కొమ్ము మొత్తం చేతిలోనే పేలుతుంది. ఆ పైన గుడ్డపేలికలో గుండును పెట్టి, పొడుగాటి కడ్డీతో మందును తాకేదాకా దట్టించాలి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం పగిలే ప్రమాదం వుంది. మనవాళ్ళు ఈ తతంగాన్నంతా కలిపి "తుపాకి బారు చేయడం" అన్నారు.

ఇక నిప్పు. దాని కథ మూడు మెట్లలో నడిచింది. మొదట నెమ్మదిగా కాలే తాడు. దాన్ని జామగి అన్నారు. తరువాత చెకుముకి రాయి. పంతొమ్మిదో శతాబ్దిలో, కొడితే నిప్పు పుట్టే చిన్న రాగి టోపీ. మొదటి రెండు పద్ధతుల్లోనూ గొట్టం పక్కనున్న చిన్న పళ్ళెంలో చిటికెడు మెత్తని మందు వేయాలి. దాని పేరు రంజకం. మా విద్యార్థులను అడిగితే రంజకం అంటే రంజింపజేసేది అంటారు. వారి తప్పేమీ లేదు. తుపాకి పోయింది గనుక ఆ అర్థమూ నిఘంటువులో పడుకున్నది.

మీట నొక్కిన తరువాత కూడా పని కాలేదు. ఒక్కొక్కప్పుడు రంజకం భగ్గుమంటుంది గాని లోపలి మందు అంటుకోదు. అప్పుడు "ఏమయిందా" అని గొట్టంలోకి తొంగిచూసేవాడికి నూకలు చెల్లినట్టే. గొట్టాన్ని గురివైపే వుంచి కాసేపు కదలక నిలబడాలి. సరిగా పేలితే తెల్లని పొగ, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఇంటికి వెళ్ళగానే వేడినీళ్ళతో గొట్టం కడగాలి. మందు మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. వంటపాత్ర రేపు తోముకోవచ్చునేమో గాని, ఈ తుపాకిని మాత్రం ఇవాళే కడగాలి.

ఇంత వరసా భయంలో మరుపుకు వస్తుంది. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ రణరంగం మీద ఏరిన తుపాకులలో వేలకొద్దీ తుపాకుల్లో బారు మీద బారు నింపివున్నాయి. పేలిందో లేదో తెలియని గందరగోళంలో సిపాయిలు మళ్ళీ మళ్ళీ దట్టించారన్నమాట. కొత్తవాడికి గురువు వరస మీద అంత పట్టుదల చూపేది అందుకే.

ఇప్పుడు మన గోదావరి ఒడ్డుకు వద్దాము. ఇక్కడి కోయలూ, కొండరెడ్లూ విల్లంబుల వారు. భద్రాద్రి రాముడి చేతిలోనూ వున్నది విల్లే గదా! బాగా తరిఫీదయిన సిపాయి కూడా నిమిషానికి మూడుసార్లకు మించి బారు చేసి కాల్చడం కష్టం. ఆ వ్యవధిలో విలుకాడు చాలా బాణాలు వేస్తాడు. విల్లు చప్పుడు చేయదు, పొగతో తాను నిలబడ్డ చోటు చెప్పదు. వానలో తడిసిన మందు బురద. తడిసిన బాణం బాణమే. అయినా బర్మారు అడవిలోకి వచ్చింది. దూరానికి పోయే దెబ్బా, గుండె అదిరే చప్పుడూ దాని బలం.

కాని బాణానికి కావలసినవన్నీ అడవే ఇస్తుంది. మందుకు అలా కాదు. మూడు దినుసులలో బొగ్గు ఒక్కటే అడవిది. గంధకం, సురేకారం బయటినుంచి రావాలి. అందులోనూ మందులో సుమారు నాలుగింట మూడు వంతులు సురేకారమే. గుండుకు సీసం కావాలి, అదీ బయటిదే. అంటే తుపాకి పట్టిన క్షణం నుంచి అడవి మనిషి సంతకు, షావుకారుకు, సర్కారుకు లోబడినట్టే.

ఈ సంగతి తెల్లదొరలకు బాగా తెలుసు. 1878 ఆయుధ చట్టం తుపాకికి లైసెన్సు పెట్టి వూరుకోలేదు. సీసం, గంధకం, సురేకారం వంటి సరుకులకు కూడా ఆంక్షలు విస్తరించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. మరుసటి ఏడే, 1879లో, రంపలో తిరుగుబాటు లేచింది. మన్సబుదారు దౌర్జన్యం, కల్లు మీద చిగురుపన్ను అక్కడి కారణాలు. అది భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి కూడా పాకింది. ఆ ప్రాంతాన్ని 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసు రాజధానికి మార్చారు. అంతకుముందు ఇంచుమించు అడ్డులేకుండా సాగిన పోడుకు పన్ను దాదాపు మూడింతలయింది. కొన్ని అడవులలో పోడు కొట్టనే కూడదన్నారు. రేకపల్లి ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వుంది.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలమీద పడి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు పట్టుకున్నారు. ఇవి బర్మారులు కావు, తూటా తుపాకులు. విల్లు పట్టిన చేతులు వాటికీ అలవాటు పడ్డాయి. కాని తూటా అడవిలో కాయదు. పేలిన ప్రతి తూటాతోనూ నిలవ తరుగుతుంది. దొరలకు మాత్రం మలబారు నుంచి, అస్సాము నుంచి పటాలాలు వచ్చాయి. 1924 మేలో రాజు మరణంతో ఆ పోరు ముగింపుకు వచ్చింది. 1946 తరువాత తెలంగాణా పోరాటంలో, ఖమ్మం వైపు పల్లెల్లోనూ, రజాకార్లకు ఎదురు నిలిచిన చేతుల్లో వడిసెలలూ, బర్మారులూ వున్నాయి. అప్పుడూ కొరత మందూ తూటాలదే.

పోలండు వారిదీ ఇటువంటి జ్ఞాపకమే. 1863లో రష్యా చక్రవర్తి మీద లేచిన పోలిష్ జనం వేటతుపాకులతో, కర్రకు బిగించిన కొడవళ్ళతో పోరాడి ఓడిపోయారు. నేడు వారి వారసులు ఆనాటి తుపాకుల నమూనాలు పట్టి మైదానంలో గురి చూసుకుంటున్నారు. మన దేశంలోనే కొడగు జాతివారికి 1861 నుంచీ లైసెన్సు మినహాయింపు నడుస్తున్నది. కేంద్రం 2019లో దాన్ని మరో పదేళ్ళు, 2029 దాకా, పొడిగించింది. మన ఏజెన్సీవారికి అటువంటి మినహాయింపు లేదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం, కాల్చగలిగిన నాటు తుపాకి ఎంత పాతదైనా లైసెన్సు లేకుండా వుంచుకోవడం నేరం. లైసెన్సు లేకుండా తయారు చేస్తే, 2019 సవరణ తరువాత, ఏడేళ్ళకు తక్కువ కాని జైలు. 1972 వన్యప్రాణి చట్టంతో వేటకూ తెర పడింది.

అందరికీ తుపాకులు పంచిపెట్టమని నేననను. దొంగ వేటగాడి బర్మారుకు దుప్పి ఏదో, పొదచాటున పుల్లలేరుకునే మనిషి ఏదో తెలియదు. అటక మీద తాతలనాటి తుపాకి వుంటే, అది బారు చేసివున్నదో లేదో ఎవరూ చెప్పలేరు. పిల్లల చేతికి అందకుండా, మీరు కూడా ముట్టకుండా, ఠాణాకు కబురుచేయడమే మేలు. మీ అబ్బాయికో అమ్మాయికో గురి మీద మక్కువ వుంటే రైఫిల్ క్లబ్బులో చేర్చండి. గాలి తుపాకితోనైనా మొదటి పాఠం ఓర్పే.

కాని తుపాకిని అప్పగించినంత మాత్రాన కథను కూడా అప్పగించనక్కరలేదు. హైదరాబాదు సాలార్జంగు మ్యూజియంలో నవాబుల ఆయుధాలు అద్దాల బీరువాల్లో మెరుస్తున్నాయి. అడవి అంచున పట్టుబడిన బర్మారు కేసు ముగిసేదాకా ఏ మూలనో తుప్పుపడుతూ వుంటుంది. వాటిలో కొన్నింటిని ఇక పేలకుండా చేసి, చట్టప్రకారం భద్రాచలంలోని గిరిజన మ్యూజియంలో విల్లంబుల పక్కన వుంచితే ఎంత బాగుంటుంది! పక్కనే జామగి, రంజకం, చెకుముకి, మందుకొమ్ము. ఒక్కొక్కదాని కింద దాని తెలుగు పేరూ, కోయమాటా. రాములవారి దర్శనానికి వచ్చిన కుటుంబాలు అటు కూడా ఒకసారి వెళ్ళి చూస్తాయి. ఒక్క గుండు కోసం ఇంత శ్రమపడి, సురేకారం కోసం సంతలో చేయిచాచిన మనుషులు దేనికోసం తిరగబడ్డారని పిల్లలు అప్పుడైనా అడుగుతారు.