నేపుల్స్‌లో ఎక్కడ తినాలి? రేటింగ్ కాదు, వీధిని చూడండి!

ఇటలీ ట్రిప్ అనగానే మనవాళ్ల సూట్‌కేస్‌లోకి ముందు చేరేది బట్టలు కాదు. పులిహోర పేస్టు, గోంగూర పచ్చడి, ఓ డజను కప్ నూడుల్స్! "అక్కడ పిజ్జా, పాస్తా తప్ప ఏం దొరుకుతుందిరా" అని ఇంట్లోవాళ్ల బెంగ. దానికి తోడు ఏదో టూరిస్టు స్పాట్ పక్కన 15 యూరోలు పోసి కొన్న అట్టముక్కలాంటి పిజ్జా ఫొటో ఎవరో ఒకరు గ్రూపులో పెడతారు. ఇక ట్రిప్ అంతా ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కోవడమే పని.

ఆ పచ్చడి సీసా మూత తీయకుండా మూడు రోజులు నేపుల్స్‌లో తిరిగి చూడండి. రోమ్ నుంచి హైస్పీడ్ రైల్లో గంటా పావు ప్రయాణం. హారన్ల మోత, సందుల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు ఆరేసిన బట్టలు, జనాన్ని రాసుకుంటూ పోయే స్కూటర్లు, పక్కవాడితో మాట్లాడుతున్నా పోట్లాడుతున్నట్టే ఉండే గొంతులు... దిగిన పది నిమిషాలకే మనకు కోఠీయో బీసెంట్ రోడ్డో గుర్తొస్తుంది. ఇటలీలో తక్కువ ఖర్చుతో కడుపు నిండా, నోటికి రుచిగా తినాలంటే ఇంతకు మించిన ఊరు దొరకడం కష్టం. కాకపోతే ఎక్కడ తినాలో తెలియాలి.

రెండే పిజ్జాలు, బోలెడు రూల్స్

ఇక్కడి పిజ్జాకు, మనం ఇంటికి డెలివరీ తెప్పించుకునే పిజ్జాకు పేరులోనే పోలిక. నేపుల్స్‌లో అసలైన క్లాసిక్‌లు రెండే. ఒకటి మార్గెరిటా: టమాటా, మొజరెల్లా, తులసి జాతికే చెందిన బేసిల్ ఆకు, ఆలివ్ నూనె. రెండోది మారినారా: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె. అంతే. స్వీట్‌కార్న్ ఉండదు, పనీర్ ఉండదు, పైన చల్లుకోడానికి మిరప పొట్లం కూడా ఇవ్వరు.

సరుకులు తక్కువే కానీ రూల్స్ ఎక్కువ. అసలైన నేపుల్స్ పిజ్జా ఎలా ఉండాలో కాపాడేందుకు 1984లో ఇక్కడ ఒక సంఘమే పెట్టుకున్నారు. పిండిని గంటల తరబడి పులియబెట్టాలి. చేత్తోనే సాగదీయాలి, కర్ర వాడకూడదు. కట్టెల పొయ్యిలో 400 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడి మీద 60 నుంచి 90 సెకన్లలో కాల్చి తీసేయాలి. అందుకే అంచు ఉబ్బి, అక్కడక్కడా నల్లగా మాడి, మధ్యలో మెత్తగా తడిగా ఉంటుంది. అది ఉడకనట్టు కాదు, దాని పద్ధతే అంత. ఈ పిజ్జా తయారీ కళను 2017లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

పేరున్న పాత పిజ్జేరియాలో కూడా ఒక మార్గెరిటా ఐదారు యూరోల నుంచి ఎనిమిది లోపు వచ్చేస్తుంది. ఒక పిజ్జా ఒక మనిషికి. నలుగురూ కలిసి రెండు చెప్పి ముక్కలు పంచుకోవడం ఇక్కడి అలవాటు కాదు. డబ్బు ఇంకా తగ్గించుకోవాలంటే "ఎ పోర్టఫోలియో" అని అడగండి. చిన్న పిజ్జాను నాలుగు మడతలు పెట్టి, పర్సులాగా కాగితంలో చుట్టి ఇస్తారు. రెండు మూడు యూరోలు. నడుస్తూ తినేయొచ్చు.

బర్రె పాలతో మొజరెల్లా

మనవాళ్లకు ఇక్కడ వెంటనే నచ్చేది మొజరెల్లా. అదీ బర్రె పాలది. నేపుల్స్ చుట్టూ ఉన్న కంపానియా ప్రాంతంలో, ముఖ్యంగా కజెర్తా, సలెర్నో వైపు, బర్రెలను మేపి ఆ పాలతో "మొజరెల్లా ది బుఫలా కంపానా" చేస్తారు. 1996 నుంచి ఈ పేరుకు యూరప్‌లో చట్టపరమైన రక్షణ ఉంది. మన బందరు లడ్డుకు జీఐ ట్యాగ్ ఉన్నట్టే అనుకోండి. గేదె పాల మీగడ తిని పెరిగిన నోటికి ఈ చిక్కదనం కొత్తగా అనిపించదు. కత్తి పెట్టగానే పాలు కారాలి, అదీ తాజాదనానికి గుర్తు. పిజ్జా మీద మామూలుగా వేసేది మాత్రం ఆవుపాల "ఫియోర్ ది లాట్టే". బర్రె పాలది కావాలంటే మెనూలో "బుఫలా" అన్న మాట కోసం చూడండి. ధర కాస్త ఎక్కువ.

మ్యాప్స్‌ను ఇలా వాడండి

నా ఉద్యోగం రికమెండేషన్ సిస్టమ్స్ మీద. మీకు ఏ వీడియో చూపించాలి, ఏ వస్తువు ముందు పెట్టాలి అని లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ అన్నమాట. అందులో ఒక పాత చిక్కుంది. పైన కనిపించింది కాబట్టి ఎక్కువమంది వెళ్తారు. ఎక్కువమంది వెళ్లారు కాబట్టి అది మళ్లీ పైనే కనిపిస్తుంది. నాలుగు అడుగుల అవతల ఇంకా బాగా వండే చోటు ఉన్నా అది ఈ చక్రంలోకి రాదు. టూరిస్టు ఊళ్లలో ఈ సమస్య రెట్టింపు. రేటింగ్ ఇచ్చేవాళ్లలో చాలామంది ఆ వంటకాన్ని జీవితంలో మొదటిసారి తిన్నవాళ్లే. 4.8 అంటే "ఊళ్లో బెస్ట్" అని కాదు, "వచ్చినవాళ్లు హ్యాపీ" అని మాత్రమే.

అందుకని ఇలా చేయండి.

1. "బెస్ట్ ఫుడ్ నియర్ మీ" అని వెతకొద్దు. ఇటాలియన్ మాటలు కొట్టండి. ఇంటివంటలాంటి భోజనానికి "ట్రాటోరియా", వేపుళ్లకు "ఫ్రిజ్జితోరియా", వండినవి తూకానికి ఇచ్చే చోటుకు "గాస్ట్రొనోమియా".

2. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి. ఇటాలియన్‌లో రాసినవి చూసి ట్రాన్స్‌లేట్ నొక్కండి. ఐదు స్టార్లవి, ఒక స్టార్‌వి వదిలేసి మూడు స్టార్లవి చదవండి. అసలు విషయం వాటిలోనే ఉంటుంది. "రుచి బాగుంది, సర్వీసు మొరటు" అని స్థానికులు తిట్టారంటే అది మీరు వెళ్లాల్సిన చోటే.

3. వంటకం పేరుతో రివ్యూల్లో వెతకండి. బంగాళాదుంపల పాస్తా, అంటే "పాస్తా ఎ పతాతే", గురించి పదిమంది ఇటాలియన్‌లో మాట్లాడుకుంటున్నారంటే ఆ వంటగది మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

4. టైమింగ్స్ చూడండి. మధ్యాహ్నం మూడింటికి మూసేసి, రాత్రి ఏడున్నరకు తెరిచేవి ఎక్కువగా ఊరివాళ్ల కోసం నడిచేవి. పొద్దున పదకొండు నుంచి అర్ధరాత్రి దాకా వంట చేసేది చాలాసార్లు టూరిస్టుల కోసం.

5. గుమ్మం ముందు నిలబడి "హలో మై ఫ్రెండ్" అని పిలిచే మనిషి, ఆరు భాషల మెనూ, వెలిసిపోయిన ప్లేటు ఫొటోలు... ఈ మూడింట్లో రెండు కనిపించినా ముందుకు నడవండి. రోమ్ వంటకం కార్బొనారా, బొలోన్యా వంటకం లజాన్యా, స్పెయిన్ వంటకం పయేయా అన్నీ ఒకే బోర్డు మీద ఉంటే ఇంకా వేగంగా నడవండి.

సెంటర్‌లోని స్పక్కనాపోలి, ట్రిబునాలి వీధులు చూడాల్సినవే. కానీ అక్కడి నుంచి పదిహేను నిమిషాలు నడిస్తే సనీతా పేట, మోంతెసాంతో స్టేషన్ దగ్గర పిన్యసెక్కా మార్కెట్ వస్తాయి. చేపలు, కూరగాయలు కొనడానికి ఊరివాళ్లు సంచులు పట్టుకుని తిరిగే చోట మంచి తిండి దొరక్కుండా ఉండదు. ఈ సూత్రం నేపుల్స్‌కైనా విజయవాడకైనా ఒక్కటే.

వెజ్ వాళ్లు, బీఫ్-పోర్క్ తినని వాళ్లు... ఇది చదివాకే ఆర్డర్ చేయండి

కళ్లు మూసుకుని తినదగ్గది మారినారా పిజ్జా. పేరు విని చేపలుంటాయని భయపడకండి. చీజ్ కూడా ఉండదు కాబట్టి వీగన్లకు కూడా పనికొస్తుంది. టమాటా స్పగెట్టి ఎక్కడైనా చేసిపెడతారు. "ఫ్రియారియెల్లి" అనే ఆకుకూర ఆవాల కుటుంబానిదే. వెల్లుల్లి, మిరపకాయ వేసి నూనెలో మగ్గిస్తారు. కాస్త చేదు, కాస్త కారం. అన్నం గుర్తొస్తే అది నా తప్పు కాదు. వంకాయ పొరల "పర్మిజానా" మరొకటి.

ఇక చూసుకోవాల్సినవి:

"జెనొవేసే" పాస్తా చూడ్డానికి అచ్చం ఉల్లిపాయ కూరలా ఉంటుంది. కానీ ఆ ఉల్లిపాయలు గంటల తరబడి ఉడికేది బీఫ్‌తో కలిసి. ఆదివారం స్పెషల్ "రగూ"లో సాధారణంగా బీఫ్, పోర్క్ రెండూ ఉంటాయి. వేయించిన పిజ్జాలో రికోటాతో పాటు "చికోలి" అనే పంది కొవ్వు ముక్కలు పెడతారు. "సెన్జా చికోలి" అంటే అవి లేకుండా ఇస్తారు. పొరలు పొరలుగా విరిగే "స్ఫొల్యాతెల్లా" స్వీటు, మిరియాల "తరాల్లి" సంప్రదాయంగా పంది కొవ్వుతోనే చేస్తారు. స్పాంజి లాంటి "బాబా"లో రమ్ము ఉంటుంది. పాస్తా ఎ పతాతేలో కూడా కొన్నిచోట్ల పోర్క్ వేస్తారు, అడగాలి. చీజ్ విషయంలో పట్టింపు ఉన్నవాళ్లకు ఇంకో మాట: సంప్రదాయ ఇటాలియన్ చీజ్‌లలో చాలావాటికి పాలు విరగ్గొట్టేది దూడ కడుపు నుంచి తీసే పదార్థంతో.

"కార్నే" వద్దు, అంటే మాంసం వద్దు అని మాత్రమే చెబితే చాలదు. హామ్‌ను, చేపను కొందరు ఆ లెక్కలో వేయరు. "సెన్జా కార్నే, సెన్జా ప్రొషుట్టో, సెన్జా పెషే" అని మూడూ చెప్పండి. పంది కొవ్వు గురించి అడగాలంటే "చే లో స్ట్రుట్టో?" ఈ రెండు ముక్కలు ఫోన్‌లో నోట్ చేసుకోండి. బీఫ్‌ను "మాంజో" అనీ, పోర్క్‌ను "మయాలే" అనీ అంటారు.

బిల్లులో ఆ "కొపెర్తో" ఏంటి?

కూర్చుని తింటే మనిషికి ఒకటి నుంచి మూడు యూరోల దాకా "కొపెర్తో" వేస్తారు. మోసం కాదు, టేబుల్‌కీ బ్రెడ్‌కీ తీసుకునే చార్జీ. మెనూలో రాసి ఉంటుంది. టిప్ తప్పనిసరి కాదు. కాఫీని కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చౌక, టేబుల్ దగ్గర కూర్చుంటే ధర పెరుగుతుంది. కాఫీ అంటే ఎస్‌ప్రెస్సో. మన ఫిల్టర్ కాఫీ డికాషన్‌ను రెండు గుటకలకు కుదించినట్టు ఉంటుంది. పక్కనే ఇచ్చే గ్లాసు నీళ్లు ముందు తాగాలి, నోరు శుభ్రం కావడానికి.

నమ్మకం మీద నడిచిన తిండి

నేపుల్స్ తిండి పేదరికంలోంచి పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ఊరిని తీవ్రంగా దెబ్బతీశాక కట్టెల పొయ్యి, మంచి మొజరెల్లా అందరికీ అందేవి కావు. అప్పుడు నూనెలో వేయించిన పిజ్జా పేదల కడుపు నింపింది. ఆడవాళ్లు ఇంటి గుమ్మం ముందే బాణలి పెట్టి వేయించి అమ్మేవారు. దానికి "ఒజ్జి అ ఒట్టో" అని పేరు. ఈరోజు తిను, ఎనిమిది రోజులకు డబ్బివ్వు అని. మన కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదే. 1954లో వచ్చిన "లోరో ది నాపోలి" సినిమాలో సోఫియా లోరెన్ వేసింది అలాంటి పిజ్జా అమ్మే ఆవిడ పాత్రే.

"కాఫె సొస్పేసో" కూడా ఇలాంటిదే. ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బు కడతారు. రెండోది, కొనుక్కోలేని మనిషి ఎవరైనా వచ్చి అడిగితే ఇవ్వడానికి. ఇచ్చినవాడికి తాగేవాడు తెలియదు, తాగేవాడికి ఇచ్చినవాడు తెలియదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ గుమ్మాలే ఇప్పుడు ఖాళీ అవుతున్నాయి. పాత సెంటర్‌లోని ఇళ్లు ఒక్కొక్కటిగా టూరిస్టులకు రోజు అద్దె గదులుగా మారుతున్నాయి. అద్దెలు పెరిగి ఊరివాళ్లు బయటి పేటలకు వెళ్లాల్సి వస్తోంది. కూరగాయల కొట్టు ఉన్నచోట స్ప్రిట్జ్, ఫ్రెంచ్ ఫ్రైస్ అమ్మే షాపు వస్తోంది. అందరం ఒకే రీల్ చూసి ఒకే పది షాపుల ముందు క్యూ కడితే ఆ మార్పు ఇంకాస్త వేగం అందుకుంటుంది. వెళ్లడం మానేయమని కాదు. ఒక పూట ఫేమస్ చోట తింటే, రెండు పూటలు పేరు తెలియని చోట తినండి. నచ్చితే వంటకం పేరు పెట్టి వివరంగా రివ్యూ రాయండి. "సూపర్" అని వదిలేస్తే అల్గారిథమ్‌కు ఏమీ అర్థం కాదు, మీ తర్వాత వచ్చేవాళ్లకూ కాదు.

ఒక్క రోజే ఉంటే ఇలా

- పొద్దున 8: కౌంటర్ దగ్గర కాఫీ. స్వీటు తినేవాళ్లకు పొయ్యి మీంచి దిగిన వేడి వేడి గ్రాఫా, అంటే బంగాళాదుంప కలిపిన పిండితో చేసే డోనట్.
- 11: పిన్యసెక్కా మార్కెట్ తిరగండి. ఆకలేస్తే కాగితం పొట్లంలో వేపుళ్లు.
- మధ్యాహ్నం 1: ట్రాటోరియాలో భోజనం. చేతిరాత మెనూ ఉంటే ఇంకా మంచిది. 
- సాయంత్రం 5: ఏమీ తినకండి. సముద్రం ఒడ్డున నడుస్తూ వెసూవియస్ కొండను చూడండి.
- రాత్రి 7: పిజ్జేరియా. ఊరివాళ్లు ఎనిమిది దాటాక వస్తారు కాబట్టి క్యూ తక్కువ. లోపలికెళ్లి పేరు రాయించుకోండి లేదా టోకెన్ తీసుకోండి. ఊరికే బయట నిలబడితే ఎవరూ పిలవరు.

ఆగస్టు 15 అటూ ఇటూ మాత్రం వెళ్లొద్దు. అది వాళ్ల పెద్ద సెలవు, మంచి ట్రాటోరియాలు చాలావరకు తాళం వేసి ఉంటాయి. మిగతా రోజుల్లో ఎప్పుడు వెళ్లినా జేబులో ఒక యూరోన్నర చిల్లర అదనంగా ఉంచుకోండి. ఎవరికోసమో ఒక కాఫీ కట్టేసి రావచ్చు.