చవక ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్ ఎందుకంత మొండికేస్తుంది?

అమెరికాలో పెద్ద దుకాణాల్లో వంద డాలర్లకు అటూ ఇటూ దొరికే దిగుమతి ఎయిర్ రైఫిళ్ల మీద కొన్నవాళ్ల ఫిర్యాదులన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో మొదటి స్థానం ఎప్పుడూ ట్రిగ్గర్‌దే.

అంత బలంగా లాగాల్సిన పని ఎందుకొస్తుంది?

ఈ ధరలో వచ్చేవి ఎక్కువగా స్ప్రింగ్ తుపాకులు. బ్యారెల్‌ని మధ్యలో మడిచి కిందికి లాగితే లోపల పిస్టన్ వెనక్కి జరిగి లావుపాటి స్ప్రింగును నొక్కిపెడుతుంది. అలా ముడుచుకున్న స్ప్రింగు సుమారు 50 కిలోల బరువు మోపినంత బలంతో ముందుకు తోస్తూ ఉంటుంది. దాన్ని పట్టి ఆపేది సీర్ అనే చిన్న ఉక్కు కొక్కెం. అట్టడుగు ధర మోడళ్లలో ఆ కొక్కేనికీ మీ వేలికీ మధ్య వేరే మీటలేవీ ఉండవు.

ఇప్పుడు లెక్క చూడండి. సరిగ్గా నునుపు చేయని ఉక్కు మీద ఉక్కు జారాలంటే, మీద పడుతున్న బరువులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా బలం కావాలి. అంటే ఇక్కడ పన్నెండు నుంచి పదహారు కిలోలు. ట్రిగ్గర్ కూడా ఒక మీటే కాబట్టి దాన్ని నాలుగైదింతలు తగ్గిస్తుంది. అయినా వేలి మీద మూడు కిలోలు పడుతుంది. తుపాకీ మొత్తం బరువే మూడు కిలోల చిల్లర! దాని బరువంత బలంతో దాన్నే గుంజుతూ గురి కదలకూడదంటే ఎలా?

పైగా కొక్కెం దానంతటది జారిపోకూడదని పట్టు లోతుగా పెడతారు. అందుకే ట్రిగ్గర్ గరగరమంటూ సాగుతూనే ఉంటుంది తప్ప, ఎక్కడ విడుస్తుందో వేలికి తెలియదు. ఆ సాగుడు విసుగు పుట్టించే మాట నిజమే, కానీ మీకు రక్షణ కూడా అదే.

ఖరీదైన తుపాకీలో స్ప్రింగ్ ఉండదా?

ఉంటుంది. జర్మనీలో వైరాక్ కంపెనీ వాడే రెకార్డ్ ట్రిగ్గర్‌నే తీసుకోండి. అందులో పిస్టన్ భారాన్ని ఒక మీట మోస్తుంది, దాన్ని ఇంకో మీట ఆపుతుంది, ట్రిగ్గర్ ఆ రెండోదాన్ని మాత్రమే వదిలిస్తుంది. భారం అంచెలంచెలుగా తగ్గుతూ వచ్చి, కిలో లోపు బలానికే స్ఫుటంగా విడుస్తుంది. అదనపు ముక్కలు, వాటిని కొలతకు తగ్గట్టు చెక్కే పని, ఉక్కును గట్టిపరిచే పని... ధర పెరిగేది అక్కడే.

చవక తుపాకులు చైనా సరుకు కాబట్టి ట్రిగ్గర్ ఇంతే అనేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. చైనాలోనే తయారయ్యే క్యూబీ-78 అనే చవక రైఫిల్ అమెరికన్ క్రాస్‌మన్ 160కి నకలు. అది కార్బన్ డయాక్సైడ్‌తో పనిచేస్తుంది, పిస్టన్ లేదు. దాని సీర్ ఆపాల్సింది చిన్న సుత్తిని మాత్రమే. అందుకే దాని ట్రిగ్గర్ ధరకు మించిన హాయిగా ఉంటుంది. మన హైదరాబాద్‌ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన పది మీటర్ల పోటీలో వాడే రైఫిళ్లదీ మూలంలో ఇదే సూత్రం. వాటిలో ముందే నింపుకున్న గాలి సిలిండర్ ఉంటుంది. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే!

సీర్‌ని ఆకురాయితో కాస్త గీకితే నునుపెక్కదా?

ఎక్కుతుంది. వచ్చిన చిక్కల్లా ఆ తర్వాతే. చవక రకాల్లో సీర్‌ని చాలాసార్లు మెత్తటి ఉక్కుతో చేసి, పైపొరను మాత్రం గట్టిపరుస్తారు. ఆ పొర ఎంతో పలుచన. నాలుగుసార్లు ఆకురాయి ఆడిస్తే పోతుంది. గీకిన రోజు ట్రిగ్గర్ వెన్నలా కదులుతుంది, మీరు మురిసిపోతారు. తర్వాత బయటపడ్డ మెత్తటి లోహం కాల్చిన ప్రతిసారీ అరిగి, ఒకనాడు వేలు తగలకుండానే కొక్కెం జారుతుంది. ఆ క్షణంలో మీరు పెల్లెట్ పెడుతూ ఉంటే, తెరిచి ఉన్న బ్యారెల్ 50 కిలోల స్ప్రింగ్ బలంతో పైకి లేచి కొడుతుంది. పక్కన లేదా కింద మీట ఉండే రకాల్లో కదిలే గొట్టానికీ బ్యారెల్‌కీ మధ్య బొటనవేలు నలిగి తెగిన సంఘటనలు ఉన్నాయి. అందుకే తుపాకీ కొత్తదైనా సరే, పెల్లెట్ పెడుతున్నంతసేపూ బ్యారెల్‌ని లేదా మీటను రెండో చేత్తో గట్టిగా పట్టుకునే ఉండాలి. స్ప్రింగ్ ఎక్కించి ఉండగా సీర్ దగ్గర ఏ పనీ చేయకూడదు.

మరైతే ఎలా?

తుపాకీతో వచ్చిన పుస్తకంలో ట్రిగ్గర్ సర్దే స్క్రూ గురించి ఉంటే, అందులో చెప్పినంత మేరకే తిప్పండి. చాలా మోడళ్లలో అది ట్రిగ్గర్ మొదట్లో సాగే దూరాన్ని మారుస్తుందే గాని బరువును తగ్గించదు. సీర్ రాసుకునే చోట మాలిబ్డినం గ్రీజు పూయిస్తే ఘర్షణ బాగానే తగ్గుతుంది. ఆ పని తుపాకీ విప్పడం తెలిసిన మనిషికే వదలండి, ఎందుకంటే స్ప్రింగ్ విప్పేటప్పుడు కూడా ఎగిరి కొడుతుంది. ఇక కొన్ని వందల పెల్లెట్లు కాల్చేసరికి గరుకు దానంతటదే కొంత అరుగుతుంది.

పొగ వస్తోంది, గురి రోజుకో చోట పడుతోంది. ఇదీ ట్రిగ్గర్ వల్లేనా?

కాదు. తుప్పు పట్టకుండా పూసి పంపిన నూనె పిస్టన్ ముందు చేరి, గాలి ఒత్తిడి వేడికి మండుతుంది. డీజిల్ ఇంజిన్‌లో జరిగేదీ ఇదే. మొదటి రోజుల్లో మామూలే. వారాలు గడిచినా ఆగకపోతే లోపల నూనె ఎక్కువైందని, లేదా పిస్టన్ సీలు చిరిగిందని అర్థం. పిస్టన్ కదిలే గొట్టానికి కోసిన అంచుల్ని ఫ్యాక్టరీలో నునుపు చేయకపోతే, బిగించేటప్పుడే సీలు చీరుకుపోతుంది.

గురి తప్పడానికి ముందుగా అనుమానించాల్సింది తుపాకీ కట్టెను (స్టాక్‌ను) పట్టి ఉంచే స్క్రూలను. ఈ తుపాకీ ముందుకీ వెనక్కీ రెండు వైపులా అదురుతుంది కాబట్టి అవి వదులవుతూనే ఉంటాయి, స్కోప్ కూడా జరుగుతుంది. తుపాకీని బిగించి పట్టుకోవడమూ తప్పే. ముందు భాగాన్ని తెరిచిన అరచేతి మీద వదులుగా ఆననిచ్చి కాల్చి చూడండి. డబ్బా మీద రాసిన సెకనుకు 1200 అడుగుల వేగాన్ని మాత్రం పట్టించుకోకండి. అది తేలికపాటి మిశ్రమ లోహపు పెల్లెట్లతో తీసిన లెక్క. మామూలు సీసం పెల్లెట్ అంతకంటే నెమ్మదిగానే వెళ్తుంది, గురికీ అదే మేలు.

ఇండియాకు తెచ్చుకోవచ్చా?

సామానులో పెట్టుకుని వచ్చేయడం కుదరదు, దిగుమతికి అనుమతి కావాలి. ఇక్కడ 2016 ఆయుధ నియమాల ప్రకారం బ్యారెల్ లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు మించకపోతే లైసెన్సు అక్కర్లేదు. అమెరికాలోనూ అంతటా ఒకే పద్ధతి లేదు. న్యూజెర్సీ చట్టం ఎయిర్ రైఫిల్‌ని కూడా తుపాకీగానే లెక్కగడుతుంది. అందుకని ఆ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉండే మనవాళ్లు కొనే ముందే పోలీసు శాఖ ఇచ్చే కొనుగోలు కార్డు తీసుకోవాలి.